శాలేమురాజు పెట్టెలో ఏడు దెబ్బలు

శాలేమురాజు కుడిచెయ్యి విరగ్గొట్టినప్పుడు నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా నోరు మంచిది కాదని తెనాలిలో తెలిసినవాళ్ళంతా చెబుతారు. ఆటోవాళ్ళు నాతో బేరమాడరు. అలాంటిదాన్ని ఆ రోజు పెదవి విప్పలేదు. విప్పి ఉంటే ఆ చెయ్యి మిగిలేది. ఈ సంగతి నేనే ముందు చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను నిలదీయక్కర్లేదు.

నా పేరు నాగదుర్గ. ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాను. శాలేమురాజు మా కీబోర్డు ప్లేయరు, సొంతూరు రేపల్లె. ఆదివారం పొద్దున లూథరన్ గుడిలో కీర్తనలు వాయించేవాడు, మధ్యాహ్నం అన్నం తిని మాతో వ్యానెక్కి అమ్మవారి తిరునాళ్ళకి వచ్చేవాడు. రెండుచోట్లా ఒకే శ్రద్ధ. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తితే కీబోర్డు ఉంది కదక్కా అని తప్పించుకునేవాడు. వాళ్ళమ్మ కమలమ్మగారు ఆ కీబోర్డుని కోడలా అని పిలిచి మరీ తిట్టేది.

కంపెనీవాళ్ళు కీబోర్డులో పెట్టి ఇచ్చే సన్నాయి వింటే జలుబు చేసిన మనిషి ఈల వేసినట్టుంటుంది. అందుకని రాజు అసలు వాద్యాల దగ్గరికే వెళ్ళేవాడు. మైకు పెట్టి రికార్డు చేసుకుని, ల్యాప్‌టాప్‌లో శుభ్రం చేసి, కీబోర్డు లోపలి మెమొరీలోకి ఎక్కించేవాడు. వీటిని మా వాళ్ళు టోన్లంటారు. కొల్లూరు లంకల్లో ఒక ముసలాయన ఊదే పిల్లనగ్రోవి, దుగ్గిరాల భజన బృందం తాళాలు, వాళ్ళ చర్చి గంట, ఇలా పన్నెండేళ్ళలో రెండువందలు పైగా పోగేశాడు. కరెంటు తీసినా అవి పోవు. కానీ ఆ మెమొరీ మహా మొండిది. ఒక్క టోను మార్చాలన్నా లోపల ఉన్నదంతా చెరిపేసి, ల్యాప్‌టాప్‌లో మొత్తం కట్ట కొత్తగా కట్టి, పెన్‌డ్రైవ్‌తో మొదటి నుంచి ఎక్కించాలి. నలభై నిమిషాలు పడుతుంది. ఒకసారి లోపలికి వెళ్ళిన టోనుని మళ్ళీ బయటికి తీసుకోవడం కుదరదు.

ఇంకో తిరకాసు ఉంది. లోపల టోన్లు వరసలో నిలబడతాయి. మధ్యలో ఒకదాన్ని తీసేస్తే వెనకవన్నీ రేషన్ షాపు క్యూలోలా ఒక్కో అడుగు ముందుకి జరుగుతాయి. తట్టి వాయించే ప్యాడ్లకి టోను పేరు తెలియదు, వరస నంబరే తెలుసు. అందుకే ఎక్కించిన ప్రతిసారీ రాజు పదహారు ప్యాడ్లూ హెడ్‌ఫోన్‌లో ఒక్కొక్కటే తట్టి చూసుకునేవాడు. వాడి చాదస్తం చూసి నాకు తిక్క రేగేది.

ఇప్పుడు డప్పు కొట్టే గురునాథం సంగతి. బాపట్ల దాటాక సముద్రం ఒడ్డున రెండు పల్లెలున్నాయి. ఊళ్ళ పేర్లు చెప్పను, పాతపల్లె, కొత్తపల్లె అనుకోండి. మధ్యలో ఒక కాలవ సముద్రంలో కలుస్తుంది. ముప్పై ఏళ్ళ కిందట వలల గొడవలో తలలు పగిలి, ఒకే ఊరు రెండు ముక్కలైంది. అమ్మవారు పాతపల్లెలో ఉండిపోయింది. వేసవిలో అరవై ఒక్క రోజులు వేట నిషేధం. అది ముగిసి పడవలు మళ్ళీ సముద్రం మీదకి వెళ్ళే రోజున అమ్మవారిని పిలుస్తూ డప్పు మీద ఏడు దెబ్బలు కొడతారు. అది గురునాథం ఇంటివాళ్ళు మాత్రమే కొట్టాలి, ఏడాదికి ఒక్కసారే కొట్టాలి, పాతపల్లె ఒడ్డునే కొట్టాలి. ఆ పిలుపు ఏ ఒడ్డున మోగితే తల్లి ఆ ఒడ్డుకి పోతుందని, ఆమె వెనకాలే చేపా పోతుందని వాళ్ళ నమ్మకం.

ఐదేళ్ళ కిందట రాజు ఆ ఏడు దెబ్బలూ విన్నాడు. అప్పటినుంచి అన్నం సహించలేదు. వాళ్ళ తాత కూడా డప్పు కొట్టినవాడే. బాప్తిస్మం తీసుకున్న రోజున దాన్ని కాలవలో పడేశాడట. ఇంట్లో ఆ తర్వాత ఎవరూ డప్పు ఊసెత్తలేదు. రాజు మూడేళ్ళు గురునాథం చుట్టూ తిరిగి, చివరికి ఆయన్ని ఒప్పించి ఆ పిలుపు రికార్డు చేసుకున్నాడు. ముసలాయన పెట్టిన షరతు ఒకటే. "దాచుకో అబ్బాయ్, మోగించమాక." రాజు ల్యాప్‌టాప్‌లోనూ కీబోర్డులోనూ తప్ప దాన్ని మూడోచోట పెట్టలేదు. ప్రోగ్రాం అయ్యాక హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారి వినేవాడు. మొహం చూస్తే ప్రార్థనలో ఉన్నాడనుకుంటారు.

ఈ ఏడు నిషేధం మొదలవడానికి పది రోజుల ముందు కొత్తపల్లెలో కొత్త బోటుకి పూజ. బోటు ఓనరు కృష్ణచైతన్య, ముప్పై ఏళ్ళుంటాయి, డబ్బుంది, నదురూ బెదురూ లేదు. ఆ పొద్దున రాజు కొత్త సన్నాయి ఎక్కించాలని, చోటు చాలక పావురాల చప్పుడు టోను తీసేసి, మొత్తం కట్ట మళ్ళీ ఎక్కించాడు. ప్యాడ్లు తట్టి చూసుకోబోతుంటే నేను వ్యానులోంచి అరిచాను. నీ ఒక్కడి కోసం తొమ్మిదిమంది ఎండలో చావాలా, ఎన్నిసార్లు తట్టినా డప్పు డప్పే కదా, పెట్టె మూసి ఎక్కు అన్నాను. వాడు ఎక్కాడు. తప్పు వాడిది అన్నవాళ్ళందరికీ చెబుతున్నాను, తప్పు నాది.

సాయంత్రం నాలుగింటికి బోటు ముందు కొబ్బరికాయ కొట్టారు. ఊపు తెప్పించడానికి రాజు నాలుగో ప్యాడ్ తట్టాడు. అక్కడ మామూలు ఊరేగింపు డప్పు ఉండాలి. వరస ఒకటి జరిగిపోయి గురునాథం డప్పు వచ్చి కూర్చుంది. నాలుగు పెద్ద స్పీకర్లలోంచి తల్లి పిలుపు మొదలైంది. రాజు ఆపే బటన్ నొక్కేసరికి మూడు దెబ్బలు వెళ్ళిపోయాయి.

ఒక ముసలామె జుట్టు విరబోసుకుని ఇసకలో ఊగడం మొదలుపెట్టింది. తల్లి మన ఒడ్డుకొచ్చిందని ఎవరో కేక పెట్టారు. కృష్ణచైతన్య స్టేజీ ఎక్కి మిగతా దెబ్బలు కూడా కొట్టమన్నాడు. రాజు చేతులు జోడించి పొరపాటైందన్నాడు. చెంప మీద ఒకటి పడింది. అయినా వాడు తల అడ్డంగా ఊపాడు. కృష్ణచైతన్య వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని కీబోర్డు కేసి రెండుసార్లు కొట్టాడు. కొట్టినప్పుడల్లా చర్చి ఆర్గాన్ మోగింది. ముక్కు పగిలి రక్తం తెల్ల మెట్ల మీద కారింది. తర్వాత కృష్ణచైతన్యే వేలు పెట్టి నాలుగో ప్యాడ్ నొక్కాడు. ఏడు దెబ్బలూ కాలవ దాటి పాతపల్లెలోకి వెళ్ళాయి.

పది నిమిషాల్లో వచ్చారు. కొందరు పడవల్లో, కొందరు మొలలోతు నీళ్ళలో. చేతుల్లో తెడ్లు, వల లాగే కర్రలు, ఐస్ పగలగొట్టే ఇనప కమ్మీలు. అరుపుల్లేవు, తిట్లు లేవు. మొదట కనిపించినవాడి నెత్తి మీద మొదటి దెబ్బ పడింది, అంతే. నా ముందే ఒకడి చెవి తెగి భుజం మీద వేలాడింది. ఇంకొకడి కంట్లో గాజుపెంకు దిగింది, ఆ కన్ను మళ్ళీ రాలేదు. స్పీకర్లని ఈడ్చి సముద్రంలో పడేశారు. పూజ చేసిన బోటుకి కమ్మీలతో చిల్లులు పొడిచారు. పిల్లలు వలల కింద దూరి ఏడుస్తున్నారు. రాజు ల్యాప్‌టాప్ సంచీ ఉప్పునీళ్ళలో పడి, వందమంది కాళ్ళ కింద నలిగి ముక్కలైంది. నేను కీబోర్డు భుజానికెత్తుకుని పరిగెత్తాను. ఎవడో నా జడ పట్టుకు లాగాడు. వాడి మణికట్టు రక్తం వచ్చేదాకా కొరికాను. ఇప్పటికీ నాకు దాని గురించి పశ్చాత్తాపం లేదు.

గురునాథం కొట్లాటకి రాలేదు, ఆపడానికి వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి రెండు గుంపుల మధ్యకి వచ్చి, కుడిచెయ్యి పైకెత్తి ఆగండ్రా అన్నాడు. ఎత్తిన ఆ చేతి మీదే తెడ్డు పడింది. ఎవరి తెడ్డో ఎవరూ ఒప్పుకోలేదు. బాపట్ల ఆస్పత్రిలో రాడ్ వేశారు కానీ వేళ్ళు ముడుచుకోవని తేల్చేశారు. పుల్ల పట్టుకోలేని చేత్తో డప్పు ఏం కొడతాడు. ఆయనకి కొడుకుల్లేరు, తనూజ అని ఒక్కతే కూతురు. పిలుపు ఇంకెవరికీ నేర్పలేదు. జనం ఫోన్లలో తీసిన వీడియోల్లో గాలి హోరూ కేకలూ తప్ప ఏమీ లేవు. అంటే ఆ ఏడు దెబ్బలు లోకంలో మిగిలింది ఒక్క రాజు కీబోర్డులోనే.

పదోరోజు నేను రాజుని చూడ్డానికి రేపల్లె వెళ్ళాను. కీబోర్డు తెనాలిలో మా ఇంట్లో, మంచం కింద ఉంది. నేను కూర్చున్న కాసేపటికే పాతపల్లె పెద్ద విష్ణువర్ధన్ ఆరుగురిని వెంటబెట్టుకుని, చేతిలో తెడ్డుతో వచ్చాడు. పెట్టెలో ఆ డప్పు ఉన్నంతకాలం ఎవడు పడితే వాడు మా తల్లిని ఎత్తుకుపోతాడు, ఇప్పుడే మా కళ్ళ ముందు చెరిపెయ్యి అన్నాడు. ల్యాప్‌టాప్ లేదు కాబట్టి ఒక్కదాన్నే తీయడం కుదరదని, చెరిపితే మొత్తం పోతుందని నేను చెప్పబోయాను. రాజు దాని గురించి మాట్లాడనే లేదు. గురునాథం గారు చెరపమంటే చెరుపుతాను, ఆయన్ని అడగండి అన్నాడు.

"ఆయన్ని అడిగేదేంటి? ఊరు చెబుతోంది," అన్నాడు విష్ణువర్ధన్.

"ఊరు ఆయన చెయ్యి విరగ్గొట్టింది, వర్ధనన్నా. ఇప్పుడు డప్పు కూడా తీసేస్తే ఆయనకింకేం మిగలదు," అన్నాడు రాజు.

ఒకడు టీవీ తన్నాడు. ఒకడు కమలమ్మగారిని పక్కకి నెడితే ఆవిడ తల తలుపుచెక్కకి తగిలి నుదురు చిట్లింది. పెట్టె ఎక్కడుందో చెప్పమని రాజు గొంతు మీద చెయ్యేశారు. నేను లేచాను. వాడు నా వైపు చూసి అన్నాడు, "అక్కా, నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టు."

ఆ ఒట్టు నన్ను అక్కడే కట్టేసింది. విష్ణువర్ధన్ ఇక లాభం లేదనుకుని, చెరుపుతావా చెయ్యి ఇస్తావా అని అడిగాడు. బెదిరింపుకే అన్నాడనుకుంటాను. రాజు గుమ్మం దగ్గర కూర్చుని కుడిచెయ్యి గడప మీద పెట్టాడు. నా పొరపాటు వల్ల ఆయన చెయ్యి పోయింది, నాది పోతే న్యాయమే, డప్పు మాత్రం తియ్యను అన్నాడు. వెనక్కి తగ్గితే వెంట వచ్చిన ఆరుగురి ముందు పరువు పోతుంది. విష్ణువర్ధన్ తెడ్డు రెండు చేతులతో ఎత్తి దించాడు. నాలుగు వేళ్ళు ఒకేసారి నలిగాయి. ఎముక తోలులోంచి బయటికొచ్చింది. రాజు అరవలేదు, గడప మీద వాంతి చేసుకున్నాడు. కమలమ్మగారు అరిచిన అరుపుకి వీధి వీధంతా వచ్చింది. వాళ్ళు తెడ్డు వదిలేసి వెళ్ళిపోయారు.

తెనాలి ఆస్పత్రిలో డాక్టరు అడిగితే గడప మీద జారిపడ్డానని చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కేసు పెట్టమని మంచం పక్కన నిలబడి తిట్టాను. కేసు పెడితే గురునాథం గారిని కూడా స్టేషనుకి తిప్పుతారక్కా అన్నాడు. ఆ చేత్తో ఇక జన్మలో శ్రుతి పట్టలేవురా వెర్రివాడా అని అక్కడే కూలబడి ఏడ్చాను. నేను ఏడవడం వాడు అదే మొదటిసారి చూడటం. నవ్వాడు, ముక్కుకి ప్లాస్టరుతో.

వాడు ఇంటికొచ్చిన వారానికి గురునాథం, తనూజ బస్సులో తెనాలి వచ్చారు. నా ఇల్లు ఎవరు చెప్పారో తెలియదు. తనూజకి పాతికేళ్ళుంటాయి, రొయ్యల షెడ్డులో పని. పిలుపు తనే నేర్చుకుంటానంది. ఆడపిల్ల తల్లి డప్పు ముట్టుకోవడం ఆ ఇంట్లో తరతరాల్లో లేదు. గురునాథం ఆ మాట అనలేదు. వేలాడుతున్న తన చేతివైపు చూసుకుని, ముందు వినమ్మా అన్నాడు.

మే నెలంతా నా ముందుగదిలో అదే గోల. రాజు రేపల్లె నుంచి రైలెక్కి వచ్చి, ఎడమచేత్తో ప్యాడ్ తట్టేవాడు. తనూజ హెడ్‌ఫోన్‌లో వినేది, తాటాకు మంట మీద డప్పు కాచుకుని కొట్టేది. గురునాథం కళ్ళు మూసుకుని విని, మూడోది బరువైంది, ఐదోది తొందరపడింది, మళ్ళీ అనేవాడు. రోజుకి రెండొందలసార్లు. అరచేతులు బొబ్బలెక్కి, చితికి, పుల్లలు నెత్తురుతో జారిపోయేవి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ కొట్టేది. పక్కింటివాళ్ళు తగాదాకొస్తే నేను చూసుకున్నాను. జూన్ మొదట్లో ఒక సాయంత్రం ఏడు దెబ్బలూ కొట్టాక గురునాథం మళ్ళీ అనలేదు. బాగుందనీ అనలేదు. లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చాడు.

నిషేధం ఎత్తేయడానికి రెండు రోజుల ముందు విష్ణువర్ధన్ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిలుపు లేకుండా పడవలు కదలడానికి వీల్లేదని ఊళ్ళో ఆడవాళ్ళు భీష్మించుకున్నారట. పెట్టె తెచ్చి మోగించమని అడగడానికొచ్చాడు. ఏ పెట్టె చెరపలేదని చెయ్యి విరగ్గొట్టాడో ఆ పెట్టే. నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. తలొంచుకుని విన్నాడు. లోపలినుంచి రాజు, తెస్తాం అన్నా, వెళ్ళిరండి అన్నాడు. వాడి మీద నాకు అసహ్యం వేసింది.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లవారాక పాతపల్లె ఒడ్డున నలభై పడవలు వరసగా ఉన్నాయి. స్పీకర్లు కట్టారు, బ్యాటరీ పెట్టారు. గురునాథం ముందు నడుస్తూ వచ్చాడు, వెనక తనూజ, చేతిలో కాచిన డప్పు. గుంపులో గుసగుసలు మొదలై, కేకలయ్యాయి. ఆడది కొడితే సముద్రం ఊరుకుంటుందా అన్నారు. ఎవడో ఇసక తీసి ఆ అమ్మాయి మొహాన కొట్టాడు. ఇంకొకడు గురునాథం భుజం పట్టి తోస్తే ముసలాయన మోకాళ్ళ మీద పడ్డాడు. విష్ణువర్ధన్ అడ్డం వచ్చి, ఆ గోలేం వద్దు, పెట్టె ఉంది కదా అన్నాడు. రాజు వైపు తిరిగి మోగించమన్నాడు.

రాజు స్విచ్ వేసి నాలుగో ప్యాడ్ తట్టాడు. ఏమీ రాలేదు. ఐదోది, ఆరోది, పదహారూ తట్టాడు.

"లేదన్నా. పొద్దున వ్యానెక్కే ముందు మొత్తం చెరిపేశాను," అన్నాడు.

మొత్తం. పన్నెండేళ్ళు. లంక ముసలాయన పిల్లనగ్రోవి, చర్చి గంట, అన్నీ. నాకు కూడా చెప్పలేదు. నేను అక్కడికక్కడే వాడిని కొట్టేదాన్నే. విష్ణువర్ధన్ కళ్ళు ఎర్రబడ్డాయి. పక్కవాడి చేతిలోని తెడ్డు లాక్కున్నాడు. రాజు ఎడమచెయ్యి తీసి కీబోర్డు మీద ఆనించి పెట్టాడు.

"ఇదొకటి ఉంది. కొట్టుకో. పిలుపు మాత్రం ఇంక ఆ పిల్ల దగ్గరే ఉంది."

గురునాథం లేచి వచ్చి, వంకరపోయిన తన చెయ్యిని రాజు చేతి మీద పెట్టాడు. నేనూ పెట్టాను. ధైర్యం కాదు, కోపం. అప్పుడు నన్ను ఆపిన ఒట్టు ఇప్పుడు లేదు కదా, కొడితే ముగ్గురివీ కొట్టరా అన్నాను.

తనూజ ఎవరివైపూ చూడలేదు. మొహం మీది ఇసక మోచేత్తో తుడుచుకుని మొదటి దెబ్బ కొట్టింది. స్పీకర్ లేదు, మైకు లేదు. ఒడ్డు చివర ఉన్న ముసలివాళ్ళు కూడా తలలు తిప్పారు. రెండు. మూడు. నాలుగో దెబ్బకి ఆడవాళ్ళు ముందుకొచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. పుల్ల వెంట నెత్తురు కారి డప్పు తోలు మీద పడుతోంది. ఐదు, ఆరు. ఏడో దెబ్బ పడింది.

విష్ణువర్ధన్ తెడ్డు ఇసకలో పడేశాడు. వెళ్ళి మొదటి పడవకి భుజం ఆనించి నెట్టాడు.